మూరెడు మల్లెలు, ఒకటిన్నర టన్ను ఏసీ

దేశమంతా మెట్రిక్ కొలతలే వాడాలని 1956లో చట్టం చేశారు. ఆ కబురు మా వీధి చివర పూలమ్మే ఆవిడ దాకా ఇంకా రాలేదు. ఆవిడ కొలబద్ద మోచేతి దగ్గర మొదలై నడిమివేలి కొసన ఆగుతుంది. బేరమాడితే అక్కడిదాకా కూడా వెళ్లదు. శ్రావణ శుక్రవారాల్లో మరీ ముడుచుకుంటుంది. మా ఆవిడ ఓసారి తన చెయ్యి చాపి ‘దీంతో కొలువు’ అంది. ‘నీ మూరకి రేటు వేరమ్మా’ అని జవాబు.

పారిస్ దగ్గర సెవ్ర్‌లో ప్లాటినం-ఇరిడియం దిమ్మ ఒకటి గాజు మూతల కింద ఉంది. 1889 నుంచి మొన్నమొన్నటిదాకా లోకానికంతటికీ కిలో అంటే అదే. నూరేళ్లలో దానికీ దాని నకళ్లకీ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. ఆ పిసరు తేడాకే శాస్త్రజ్ఞులకు నిద్రపట్టక, 2019లో దిమ్మను పక్కనపెట్టి కిలోను ప్లాంక్ స్థిరాంకానికి ముడిపెట్టారు. మా వీధి మూరలో తేడా రెండు వేళ్లు. ఏ శాస్త్రజ్ఞుడూ ఇటు తొంగి చూడలేదు.

బంగారం సంగతి ఇంకా సున్నితం. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్లో తులమంటే 10. బారసాలకి తులం గొలుసు పెడతానన్న మేనమామ కొత్త లెక్కలో తెచ్చాడు. మా అమ్మ పాత లెక్కలో ఎదురుచూసింది. ఆ గ్రామున్నర మీద నడిచిన మాటలు తూచే త్రాసు లేదు.

ఏసీ కొన్నప్పుడు అమ్మే అడిగింది: ‘ఒకటిన్నర టన్నంటే మన గోడ ఆగుతుందట్రా?’ నవ్వకండి, ఆ టన్ను నిజంగా బరువే, కాకపోతే ఐసుది. అమెరికా టన్ను, అంటే 907 కిలోల ఐసు 24 గంటల్లో కరగాలంటే ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి తోడేస్తే అది ఒక టన్ను ఏసీ. లెక్కకి మూడున్నర కిలోవాట్లు. ఇదంతా ఓపిగ్గా చెబితే అమ్మ విని, ‘అయితే ఆ ఐసేదో తెప్పిస్తే పోయేదిగా’ అంది.

నెల తిరిగి కరెంటు బిల్లొచ్చాక ఆవిడ మాటే నిజమనిపించింది. బిల్లులో యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, 36 లక్షల జౌళ్లు. బళ్లో ఒక్క జౌల్‌ని చూస్తేనే వణికేవాళ్లం, ఇప్పుడు లక్షల్లో వాడిపారేస్తున్నాం. మిగతా కొలతలన్నీ బతిమాలితే కాస్త సాగుతాయి, గదమాయిస్తే కాస్త తగ్గుతాయి. ఈ ఒక్కదానికి బేరం లేదు, కొసరు లేదు, మొహమాటం అసలే లేదు. గదిలోంచి వచ్చేటప్పుడు స్విచ్ కట్టేయండి.