మామ్మగారిని మంచం దిగనివ్వకండి

శ్రావణమాసం, నాలుగు రోజుల ముసురు. నూతిపళ్ళెం అంతా పాచి. తులసికోట దగ్గర దీపం పెట్టి వస్తూ మామ్మగారు కాలు జారారు. తుంటి ఎముక విరిగింది. కోనసీమలో వీధికొకరైనా ఇలా పడుతూనే ఉంటారు గనక, ఆ తర్వాత ఏం చెయ్యాలో అనుభవం మీద నాలుగు ముక్కలు చెబుతాను. మా ఇంట్లో ఈ పద్ధతి నూటికి నూరుపాళ్ళూ ఫలించింది. మా పిల్లల మామ్మ, అంటే మా అమ్మ, అయిదు నెలలుగా మంచం దిగలేదండి, ఆయ్.

మొట్టమొదట, తొందరపడకండి. 36 గంటల్లోనో 48 గంటల్లోనో ఆపరేషన్ అయిపోవాలంటారు డాక్టర్లు. ఏం, రైలు తప్పిపోతుందా? కువైట్‌లో ఉన్న తమ్ముడు సరేననాలి. హైదరాబాద్‌లో బావగారికి తెలిసిన డాక్టరెవరికో ఎక్స్‌రే వాట్సాప్‌లో పంపాలి. పుత్తూరు కట్టు వేయిస్తే సరిపోదా అని అరుగు మీద ఒక పూట చర్చ నడవాలి. మా చర్చలో ఒక రిటైర్డ్ కాంపౌండరు గారు, "చేతికైతే బద్దలు పెట్టి కడతారు గానీ, కండలో అంత లోపలున్న తుంటి కీలుకి కట్టు ఎక్కడ కడతారయ్యా?" అని అడ్డుప్రశ్న వేశారు. అలాంటివాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించెయ్యండి.

సరే, ఎలాగో ఆపరేషన్ అయింది. విరిగిన చోటుని బట్టి ఎముక బంతి తీసేసి లోహపు బంతి పెడతారు, లేదా రాడ్డు వేసి బిగిస్తారు. అసలు ప్రమాదం మర్నాడు పొద్దున్న వస్తుంది. దాని చేతిలో వాకర్ ఉంటుంది. "మామ్మగారూ, లేచి నిలబడదామండి" అంటాడు ఆ ఫిజియోథెరపీ కుర్రాడు. కుట్లు పచ్చిగా ఉండగానే! మీరు మంచానికి అడ్డంగా నిలబడి, "ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు, తెలుసా?" అనాలి. "అందుకేనండి ఈ తొందర" అంటాడు. కాలి మీద బరువు మోపవచ్చని సర్జన్ గారు రాసిన కాగితం చూపిస్తాడు. కళ్ళజోడు తేలేదని చెప్పండి.

ఈ కుర్రాళ్ళ దగ్గర లెక్కలు కూడా ఉంటాయి. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవాళ్ళని కొందరిని పదంటే పదిరోజులు మంచంలో ఉంచారట. ఒక్కొక్కరి కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయిందట. మన మామ్మగారి కాళ్ళలో కిలోలు ఎన్నున్నాయి, ఎన్ని పదిరోజులు గడిచాయి అన్న లెక్కలోకి దిగకండి, రాత్రి నిద్ర పట్టదు. 1990లో బోస్టన్‌లో సగటున తొంభై ఏళ్ళున్నవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారట, బలం రెట్టింపు దాటిందట. తొంభై ఏళ్ళకి బరువులేమిటండీ, వాళ్ళకి మనవలు లేరా? అంతెందుకు, అప్పటి బ్రిటన్ రాణీగారి తల్లి 1998లో తన 97వ ఏట పడి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషన్ చేయించుకుని, మళ్ళీ కర్ర పట్టుకుని జనంలోకి వచ్చింది. 101 ఏళ్ళు బతికింది. కూతురు దేశానికి రాణి అయ్యుండీ తల్లిని ఒక్క ఏడాది కదలకుండా కూర్చోబెట్టుకోలేకపోయింది చూడండి.

ఇంటికొచ్చాక మన చేతిలో పని. పరామర్శకి వచ్చేవాళ్ళు గుమ్మంలోంచే చూడగలిగేలా ముందుగదిలో మంచం వెయ్యండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మా ఆవిడ మొదట్లో తెలియక వాకర్ పట్టించి రెండడుగులు వేయించింది. సరిగ్గా అప్పుడే రాజోలు పిన్నిగారు అరటిపళ్ళతో దిగారు. "అయ్యో, అప్పుడే నడిపించేస్తున్నారా!" అన్నారు. ఆ మాట సాయంత్రానికి రాజోలు చేరి, మర్నాటికి కొత్తపేట చేరి, "కోడలు అత్తగారి చేత పనులు చేయిస్తోంది" అయి మా ఇంటికి తిరిగొచ్చింది. ఆ రోజునుంచి వాకర్ మూలన పెట్టేశాం. నడిచే అత్తగారి వల్ల కోడలికి పేరు రాదండి. మంచంలో ఉన్న అత్తగారికి ముద్దలు కలిపి నోట్లో పెడితే ఊరంతా మెచ్చుకుంటుంది.

బాత్రూం దాకా వెళ్ళనివ్వద్దు. గోడకి కడ్డీ బిగిస్తే టైల్సు పగులుతాయి. కమోడ్ కుర్చీ కొంటే ఆవిడే లేచి కూర్చోవడం మొదలెడుతుంది. బెడ్‌ప్యాన్ ఉంది కదా! మంచినీళ్ళు తక్కువ తాగితే దాని అవసరం కూడా తగ్గుతుందని మామ్మ తనే కనిపెట్టింది. పెద్దవాళ్ళ తెలివి మరి.

తిండి సంగతి. పప్పు పెడితే పుండు చీము పడుతుంది. గుడ్డు వేడి, చేప వాతం, పెరుగు నెమ్ము. ఇవన్నీ ఎవరు రాశారో తెలీదు గానీ మా తాతల నాటినుంచీ వస్తున్నాయి. చారన్నం పెట్టండి. ముసలివాళ్ళకి మామూలు రోజుల్లోనే కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము మాంసకృత్తులు తగ్గకూడదు, దెబ్బ తగిలితే ఇంకా కావాలి అంటారు డాక్టర్లు. అంటే యాభై కిలోల మామ్మకి యాభై గ్రాములకి పైమాటే. చారులో అన్ని ఎక్కడ దొరుకుతాయని అడక్కండి. మేం ఆ శ్రావణంలో అప్పు చేసి పులస తెచ్చుకున్నాం. మామ్మకి వాసన చూపించాం.

కసరత్తుల కాగితం ఒకటి ఇస్తారు, బీరువాలో భద్రంగా పెట్టండి. పాదం పైకీ కిందికీ ఆడించడం, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి నొక్కడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడడం, అన్నీ చిన్నపిల్లల ఆటలు. పైగా పదిరోజుల్లో పోయేది కాదట, పోనుపోనూ కష్టం పెంచుతూ నెలల తరబడి చెయ్యాలట. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని రాసుంది. కొత్త కోడలు గడప దాటుతోందా ఏమిటి, కాళ్ళ లెక్కలు! ఇవన్నీ చేయిస్తే కొంచెం నొప్పి ఉంటుంది. ముందే నొప్పిమాత్ర వేసి చేయించమంటారు. మామ్మ "అబ్బా" అంది, మేం ఆపేశాం. ప్రేమంటే అదీ.

వీపున పుండు పడితే గాలిపరుపు కొనండి. కాలు వాచి లోపల రక్తం గడ్డ కట్టినా, గుండెల్లో నిమ్ము చేరినా ఆస్పత్రులున్నాయి. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో అయిదుగురికి ఒకరైనా ఏడాది తిరక్కుండా పోతారని వైద్యులే రాస్తున్నారు. మన తప్పు ఏముందండీ అందులో?

మా వీధి చివర పెంకుటింటావిడ సంగతి చెప్పాలి, పాపం. మా మామ్మ పడ్డ వారానికే ఆవిడా పడింది, అదే తుంటి. కొడుకులిద్దరూ కువైట్‌లో. చూసే దిక్కులేదు. పాలవాడు పిలిస్తే తనే లేవాలి, బాత్రూంకి తనే వాకర్ ఈడ్చుకుంటూ పోవాలి. కింద కూర్చోవద్దన్నారని పూజ కూడా కుర్చీలోనే. వారానికి రెండుసార్లు అమలాపురం నుంచి ఒక అమ్మాయి బండి మీద వచ్చి కసరత్తులు చేయించి వెళ్ళేది. మొదటివారం గుమ్మం నుంచి మొదటి కొబ్బరిచెట్టు దాకా, తర్వాతివారం రెండో చెట్టు దాకా. మేం కిటికీలోంచి చూసి జాలిపడేవాళ్ళం. దసరాకి వాకర్ వదిలి కర్ర పట్టింది. కార్తీకంలో కాలవగట్టున దీపాలు వదిలింది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఆటోలో వెళ్ళి, దిగి, జనంలో నిలబడి ఏకాదశ రుద్రుల ప్రభలన్నీ చూసొచ్చింది.

మర్నాడు కర్ర తాటించుకుంటూ మామ్మని చూడ్డానికి వచ్చింది. కొంగున కట్టి తెచ్చిన విభూతి నుదుట పెట్టి, గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటిన వైభవం అరగంట చెప్పింది. వెళ్ళేటప్పుడు కుర్చీ చేతుల మీద ఆనకుండానే లేచింది.

ఆవిడ గేటు దాటాక మామ్మ నాకేసి తిరిగి, "అబ్బాయ్, ఆ వాకరేదిరా?" అంది.

పెరట్లో ఉంది. దాని మీద నా పంచె ఆరుతోంది.