మచ్చకు బెత్తెడు దూరం

బ్రిస్బేన్‌లో పరిశోధనకు చేరిన కొత్తలో నాకు అప్పజెప్పిన పని చూడ్డానికి తేలికే. ఎండకు ఏళ్లతరబడి మాడిన చర్మం మీద గరుకు మచ్చలు లేస్తాయి. వాటిని యాక్టినిక్ కెరటోసిస్ అంటారు. ఒక్కో మచ్చనీ విడిగా చూస్తే కాన్సర్‌గా మారేవి తక్కువే గానీ, ఆ దారిలో మొదటి మజిలీ అదే. మచ్చ నుంచి ఓ ముక్క, పోల్చడానికి మంచి చర్మం ఓ ముక్క తీసి, రెండింటి ఆర్‌ఎన్‌ఏ చదివి, ఏ జన్యువులు పుంజుకున్నాయో ఏవి అణిగాయో చూడాలి.

మంచి చర్మం ఎక్కణ్ణుంచి తీయాలో నిర్ణయించింది నేనే. "మచ్చకు బెత్తెడు దూరంలో" అని రాశాను. అదే మనిషి, అదే చెయ్యి. ఇంతకంటే న్యాయమైన పోలిక ఏముంటుందని మురిసిపోయాను కూడా.

తీరా లెక్కలు వచ్చాక చూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. రెండు ముక్కలకీ తేడా అంతంతమాత్రం. ఆర్‌ఎన్‌ఏ ఇట్టే పాడైపోతుంది కదా, గడ్డకట్టించడంలో ఆలస్యం చేశారని నర్సు మీద అనుమానపడ్డాను. తర్వాత మెషీన్ మీద. మా పెద్దాయన కాగితాలు చూసి ఒక్కటే అడిగారు: "ఈ మంచి చర్మం ఎండ చూసిందా, చూడలేదా?"

చూడకేం! తెల్లతోలు రైతుల ముంజేతులవి. వేలితో నిమిరితే మచ్చ గరుకు కాగితంలా తగిలేది, పక్కన నున్నగా ఉండేది. ఆ నునుపునే నమ్మాను. యేల్‌లో డగ్లస్ బ్రాష్ బృందం 1996లోనే చూపించింది: ఎండ పడే చర్మం పైకి ఎంత బాగున్నా, లోపల పీ53 జన్యువు చెడిన కణాలు గుంపులు గుంపులుగా కాపురం పెట్టి ఉంటాయి. అతినీలలోహిత కిరణాలకు బాగా దెబ్బతిన్న కణాన్ని చచ్చిపొమ్మనేది పీ53. అది చెడిన కణం చావదు. పొరుగు కణాలు ఎండకు చచ్చి ఖాళీ చేసిన చోటికి జరుగుతుంది. 2015లో సాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నలుగురి కనురెప్పల చర్మం పరిశీలిస్తే, జబ్బేమీ లేని ఆ చర్మంలోనే 18 నుంచి 32 శాతం కణాల్లో కాన్సర్‌ను నడిపించే మార్పులు కనబడ్డాయి. ఇక కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంఎంపీ1 జన్యువు లేవడానికి మచ్చ దాకా ఆగనక్కర్లేదు, ఎండ చాలు.

ఇవన్నీ నేను చదివినవే. అసలు చదవక్కర్లేదు కూడా. మాది శ్రీకాకుళం జిల్లా. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని. డాక్టరు ఆమె నోట్లో లేచిన తెల్లమచ్చ ఒక్కటే చూసి ఊరుకోలేదు, టార్చి వేసి అంగిలి మొత్తం వెతికాడు. మచ్చ లేనిచోట ఏం చూస్తున్నాడీయన అని విసుక్కున్నది నేనే.

ఈసారి చంకకు దగ్గరగా, చేతి లోపలివైపు నుంచి తీయించాం. పాత ముక్కలు పారేయలేదు. "ఎండ తిన్న చర్మం" అని వాటికి వేరే వరస కట్టాం. అప్పుడు గానీ మెట్లు కనబడలేదు: కొన్ని జన్యువులు ఎండకే లేచి కూర్చున్నాయి. గాయం మానేటప్పుడు లేచే కెరటిన్ 16, 17 లాంటివి మచ్చలో బాగా పైకెగిశాయి.

చోటు మారింది కాబట్టి ఎథిక్స్ కమిటీకి మళ్లీ అర్జీ పెట్టాలి. కారణం అన్న గడిలో "మొదట ఎంచుకున్న చోటు సరైనది కాదు" అని రాశాను. ఎవరు ఎంచుకున్నారో రాయడానికి అందులో గడి లేదు.