వెనకాల సముద్రం పడిందా?

విశాఖపట్నంలో దిగిన సాయంత్రమే మా అమ్మాయి సన్‌సెట్ పాయింట్ ఎక్కడుందని అడిగింది. మా బావమరిది దాని మొహంలోకి కాసేపు జాలిగా చూశాడు. "సముద్రం తూర్పునుందమ్మా. సూర్యుడు మా ఇంటెనకాల ట్రాన్స్‌ఫార్మర్ పక్కన దిగుతాడు. చూస్తానంటే మేడెక్కు" అన్నాడు.

గోవాలో బుద్ధిగా సముద్రంలో మునిగిన సూర్యుడికి ఇక్కడేం రోగమో దానికి అంతుపట్టలేదు. పోనీ సూర్యోదయం చూద్దామంటే, మే నెలలో అది ఐదున్నరకల్లా అయిపోతుందట. ఐదింటికి లేవడానికైతే ఇంత దూరం రావడం దేనికి, హైదరాబాదులో పాలవాడు లేపడూ, అంది మా ఆవిడ. ఆ విధంగా ప్రకృతి సౌందర్యంలో సూర్యుడి పద్దు మొదటిరోజే కొట్టేశాం. మిగిలింది సముద్రం.

సముద్రాన్ని మంచం మీంచే చూడాలని ఓ రాత్రికి హోటల్లో సీ వ్యూ గది తీసుకున్నాం. మామూలు గది కంటే రెండు వేలు ఎక్కువ. వ్యూ ఉన్నమాట నిజమే. బాల్కనీలో ఏసీ డబ్బా పక్కన ఒంటికాలి మీద నిలబడి, కుడివైపు మెడ సాచితే, రెండు భవనాల మధ్య జానెడు నీలం కనబడుతోంది. కానీ ఆ ఉక్కలో బాల్కనీలో నిలబడేదెవరు? తలుపేసి ఏసీ పెట్టాం. గది చల్లబడాలంటే తెర కూడా వేసుకోవాలన్నాడు రూమ్ బాయ్. రెండు వేలు పోసి కొన్న సముద్రం మీద తెర కప్పి, నిండా దుప్పటి కప్పుకుని పడుకున్నాం.

మర్నాడు ఆర్కే బీచ్. అక్కడ చూడాల్సినవి చాలా ఉన్నాయి, సముద్రం కాక. 1969లో నౌకాదళంలో చేరి, మూడు దశాబ్దాలు నీళ్లకింద ఎవరి కంటా పడకుండా తిరిగిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిని ఇసుకలోకి లాగి, 2002 నుంచి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. దాక్కోవడమే ఉద్యోగంగా బతికిన దానికి రిటైరయ్యాక ఇదీ పెన్షను. రోడ్డుకి అవతలివైపు టీయూ-142 యుద్ధ విమానం. నీళ్లలో ఉండాల్సింది ఒడ్డున, ఆకాశంలో ఉండాల్సింది రోడ్డు పక్కన, ఇంట్లో ఉండాల్సిన మేము రెండింటి మధ్య ఎండలో. ఇంతా నిలబడి జలాంతర్గామిలోకి దూరితే దానికి కిటికీ ఒక్కటీ లేదు. సముద్రానికి నాలుగడుగుల్లో ఉండి సముద్రం కనబడని చోటికి డబ్బిచ్చి వెళ్లిన ఘనత మాది.

బయటికొచ్చాక ఫొటోలు. బీచంతా ఒకటే కేక: "వెనకాల సముద్రం పడిందా?" తాతగారి దగ్గర్నుంచి చంకలో పిల్లాడిదాకా అందరి వీపూ నీళ్లకే. బీచ్ రోడ్డు పొడుగునా నిలబెట్టిన మహనీయుల విగ్రహాలూ, నేను చూసినంతలో, చాలామట్టుకు రోడ్డు కేసే మొహం పెట్టుకున్నాయి. ఇక మనదేముంది.

ఇసుకలో కూలబడి మురీ మిక్చర్ తింటూ, "ఎంతైనా ప్రకృతి ప్రకృతేరా" అన్నాను నేను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా బావమరిది పోర్టులో గుమాస్తా.

"ఏటి బావా ప్రకృతి? నువ్వు కూచున్న ఇసక సగం డెలివరీ సరుకు" అని మొదలెట్టాడు. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుందట. దాని దారికి ఔటర్ హార్బర్ గోడలు అడ్డొచ్చాయి. అందుకని ఇసుక అటు పోగుపడుతుంది, ఇటు బీచ్ కోసుకుపోతుంది. డ్రెడ్జర్ పెట్టి అక్కడ తవ్వి, గొట్టాల్లో తెచ్చి ఇక్కడ పోస్తారు. కెరటాలు దాన్ని మళ్లీ పట్టుకుపోతాయి. మళ్లీ పోస్తారు. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ గుర్తొచ్చి, నేను కొంచెం పొదుపుగా కూచున్నాను.

నీళ్లకి దగ్గరగా ఒక బోర్డుంది. ఇక్కడ లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, స్నానం ప్రమాదకరం అని. జనానికి ఆ బోర్డు చాలా ఉపయోగపడుతోంది. ప్యాంట్లూ, తువ్వాళ్లూ దాని మీదే ఆరేసి నీళ్లలోకి దిగుతున్నారు. ఈల ఊది ఊది గార్డుకి బుగ్గలు వాచాయి.

మధ్యాహ్నం హోటల్లో, చేప తాజాదేనా అని దర్జాగా అడిగాను. "ఇప్పుడే బోటు దిగిందండి" అన్నాడు సర్వరు. మా బావమరిది నీళ్లు తాగుతున్నవాడల్లా కొరబోయాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. హార్బర్లో బోట్లన్నీ లంగరేసుకుని రంగులు పూయించుకుంటుంటాయి. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే దేశంలో ఉన్న చుట్టాలందరూ తాజా చేప కోసం ఇక్కడ దిగుతారు. మా పళ్లెంలోది ఏ రాష్ట్రంలో ఎప్పుడు బోటు దిగిందో గానీ, ఐసులో మాకంటే ఎక్కువ దూరమే ప్రయాణం చేసినట్టుంది. రుచిగానే ఉంది, అబద్ధమెందుకు.

తర్వాత మూడు రోజులూ ఊరంతా చుట్టబెట్టాం. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ తెన్నేటి పార్కు దగ్గర రాళ్లెక్కిందట. ఊళ్లో జనమంతా పిల్లాపాపలతో చూడ్డానికి పోయారు, పర్యాటక శాఖవాళ్లు దాన్ని రెస్టారెంటు చేద్దామనుకున్నారు. సముద్రానికి ఒడ్డున పనికొచ్చే వస్తువు విసిరేసే తెలివి కూడా ఉందన్నమాట. రుషికొండ బీచ్‌కి అదే నెలలో శుభ్రతకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపొచ్చింది. ఆ తర్వాత పక్కనున్న కొండని చెక్కేసి భవనాలు లేపారు. బీచ్‌కి జెండా, కొండకి గుండు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు గాలీ, సముద్రమూ కలిసి వేల ఏళ్లు పోగేసినవి, భూవారసత్వ సంపదగా గుర్తించినవి. మా అబ్బాయి వాటి మీంచి ఆరుసార్లు జారాడు. వారసత్వంలో తన వాటా నిక్కరంతా అంటించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

చివరి రాత్రి మళ్లీ ఆర్కే బీచ్. ఫ్లడ్‌లైట్లు, బండ్ల మీద పాటలు, మొక్కజొన్న పొత్తుల పొగ. చలికాలం చివర్లో తాబేళ్లు ఈ తీరంలోనే గుడ్లు పెడతాయని చెబుతున్నాడు మా బావమరిది. పిల్లలు రాత్రిళ్లు గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చి, ఎటు వెలుతురుంటే అటు పాకుతాయట. ఒకప్పుడు రాత్రిపూట వెలిగేది సముద్రమొక్కటే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు పుట్టిన గంటలోనే కొన్ని రోడ్డు పడతాయి. అందుకే అటవీ శాఖవాళ్లు గుడ్లు ఏరి, కంచెలో పొదిగించి, పిల్లల్ని తీసుకెళ్లి నీళ్ల దగ్గర వదులుతారు.

"మమ్మల్నెవరూ వదల్లేదేరా" అన్నాను. వాడు నవ్వేలోగా కరెంటు పోయింది.

లైట్లన్నీ ఒక్కసారే పోయాయి. పాటలు ఆగాయి. ఎవరి పిల్లాడో కెవ్వుమన్నాడు. కాసేపటికి కళ్లు కుదురుకుని, ఎదురుగా తెల్లటి గీత ఒకటి ఈ చివర్నుంచి ఆ చివరికి పాకడం, విరగడం, మళ్లీ పాకడం కనబడింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఈ చప్పుడేంటి?"

"సముద్రం."

"ఇందాకట్నుంచీ ఉందా?"

నేను జవాబు చెప్పేలోగా బీచంతా హమ్మయ్య అంటూ చప్పట్లు కొట్టింది. కరెంటొచ్చేసింది. బజ్జీల బండి మీద పాట ఆగినచోటు నుంచే అందుకుంది. మా ఆవిడ అందర్నీ దగ్గరికి జరగమంది, వెలుతురుండగానే ఇంకొక్కటి తీద్దామని.