తలకే గురిపెట్టండి

మీ జతగాడికి దెబ్బ తగలకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నారా? అయితే కత్తి అతని నడినెత్తికే గురిపెట్టండి. చెవి పక్కగా పోనివ్వకండి, జానెడు ఇవతలే ఆపేయకండి. వినడానికి ఇది తలకిందుల సలహాలా ఉంటుందని తెలుసు. అయినా జపాన్ సంప్రదాయ కత్తివిద్యలో జతగాణ్ణి కాపాడేది ఇదేనని గట్టిగా నమ్ముతాను.

జపాన్ కత్తివిద్య కెండోలో, కటా అంటే ముందే నిర్ణయించిన కదలికలతో ఇద్దరూ కలిసి చేసే సాధన. 1912లో ఖరారైన కెండో కటాలు పది. వరసలో మొదటిదాన్ని దగ్గర నుంచి చూడండి. ఇద్దరి చేతుల్లోనూ చెక్క కత్తులు, అంటే బొకుటోలు. తొమ్మిది అంగల దూరంలో నిలబడి నమస్కరించుకుని, చెరి మూడు అంగలు వేసి దగ్గరవుతారు. రెండు కత్తులూ నెత్తి మీదికి లేచి ఉంటాయి. దాడి చేసేవాడు, ఉచిదాచి, కత్తిని కిందికి దించుతాడు. ఎదుటివాడు ఎత్తి పట్టుకున్న పిడినీ దాని కింద ఉన్న తలనీ ఒక్క వేటుకు చీల్చేంత నిజంగా దించాలి. ఎదుటివాడు, షిదాచి, ఒంటినీ చేతుల్నీ ఒకేసారి వెనక్కి లాక్కుంటాడు. ఇప్పటిదాకా అతనున్న చోటు మీదుగా కత్తి మోకాళ్ల కిందికి దిగిపోతుంది. అది దిగీ దిగకముందే షిదాచి ముందుకు అడుగేసి ఉచిదాచి నెత్తి మీదికి కత్తి దించి, తాకబోయే ముందు ఆపుతాడు.

ఇప్పుడు ఉచిదాచికి జాలేసి కత్తిని కాస్త పొట్టిగా దించాడనుకోండి. షిదాచి కదలకపోయినా ఏమీ కాదు. ఆర్నెల్లు అలాగే సాగితే కదలాల్సిన అవసరమే అతని కాళ్లకు తెలియదు. ఆ తర్వాత ఏదో ఒక రోజు ఇంకో డోజో, అంటే సాధనశాల, నుంచి వచ్చినవాడు ఉన్నదున్నట్టు దించుతాడు, తల పగులుతుంది. జాలితో కత్తిని పక్కకు తిప్పడం ఇంకా ప్రమాదం. పక్కకు తప్పుకోవాల్సిన కటాలో, సరిగ్గా నేర్చుకున్నవాడు ఆ కత్తి కిందికే నడిచి వస్తాడు. చెక్కేగా అని తేలిగ్గా తీసుకోకండి. 1612లో గన్ర్యూ దీవిలో ఖడ్గవీరుడు మియామొటో ముసాషి తన ప్రత్యర్థి ససాకి కొజిరోను చెక్క కత్తితోనే చంపాడని చెబుతారు.

మరి భయమేస్తే ఏం తగ్గించాలి? వేగం తగ్గించండి, బలం తగ్గించండి. దూరాన్నీ కత్తి వచ్చే దారినీ మాత్రం ముట్టుకోకండి. వర్ణాన్ని మొదటి కాలంలో పాడినా శ్రుతి తగ్గించరు కదా, ఇదీ అంతే. నెమ్మదిగా వచ్చినా నెత్తికే వచ్చే కత్తి తప్పుకోవడం నేర్పుతుంది. ఝామ్మని వచ్చి గాలిని కోసే కత్తి ఏమీ నేర్పదు.

ఇంకో మాట చెబితే సీనియర్లకు కోపం రావచ్చు. మీరు ఓడిపోండి. పాత సంప్రదాయాల్లో కటాలో ఓడే పాత్ర పెద్దవాడిదే, గెలిచేది శిష్యుడు. దీనికి మర్యాద ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. నిజంగా గురిపెట్టి, శిష్యుడి కాలు ఆలస్యమైందని కనిపెట్టి, కత్తిని వెంట్రుకవాసిలో ఆపగలిగేది అనుభవం ఉన్నవాడే. ఇద్దరు కొత్తవాళ్లకు బొకుటోలిచ్చి ఓ మూల వదిలేసే గురువును చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కవచాలున్నాయి కదా అనేవాళ్లూ ఉంటారు. కవచం ఉన్నది ధైర్యంగా కొట్టడానికి. 16వ శతాబ్దంలో షిన్‌కాగే-ర్యూ అనే కత్తివిద్యా సంప్రదాయం స్థాపకుడు కమిఇజుమి నొబుత్సునా, చీల్చిన వెదురుకు తోలు తొడుగు వేసిన కత్తిని వాడుకలోకి తెచ్చాడంటారు. దాంతో ఒంటికి తగిలేలా కొట్టినా ఎముకలు విరగవు. ఒనో-హా ఇట్టో-ర్యూ అనే మరో సంప్రదాయంలో ఉచిదాచి చేతులకు దిండ్లంత లావు తొడుగులు వేసుకుంటాడు, శిష్యుడు ఆ మణికట్ల మీద చెక్క కత్తితో నిజంగానే కొడతాడు. 18వ శతాబ్దంలో శిరస్త్రాణం, ఛాతీ కవచం, వెదురు షినాయ్ స్థిరపడ్డాక పూర్తి వేగంతో తలపడటం కుదిరింది. దానికి మూల్యమూ ఉంది. దెబ్బంటే భయం పోయినవాడు, ఒకటి తగిలినా ఫరవాలేదు నేనూ ఒకటి కొడతానని మీద పడతాడు. అందుకే కవచంతో ఆడేవాళ్లు బొకుటో కటాలు మానకూడదు.

షినాయ్ సంగతి కూడా చెప్పాలి. నాలుగు వెదురు బద్దల్ని తోలుతో కట్టిన కత్తి అది. రోజూ సాధనకు ముందు నాలుగు బద్దల్నీ వేలితో తడిమి చూడండి. పేడు లేచిన బద్ద, ఎదుటివాడి ముఖాన ఉన్న లోహపు కమ్మీల మధ్య నుంచి కంట్లోకి దూరగలదు. పేడు కనిపిస్తే ఆ పూటకు వేరేది అడిగి తీసుకోండి.

కత్తుల సంగతి అలా ఉంచితే, నా అసలు గుబులు ఎదుటివాణ్ణి పట్టి విసిరే జూడో గురించి. 1882లో కోదోకాన్ పెట్టిన కానో జిగోరో, పాత కుస్తీ విద్య జుజుత్సులోని ప్రాణాంతక పట్లను కటాలకు పరిమితం చేసి, మిగిలినవాటితో పూర్తి బలంతో తలపడనిచ్చాడు. ప్రమాదకరమైనవి తీసేయడం వల్లే సాధన మరింత నిజమైంది. గొప్ప ఆలోచన. కానీ 1983 నుంచి మూడు దశాబ్దాలలోపే జపాన్ బడుల్లో జూడో వల్ల వందకు పైగా పిల్లలు చనిపోయారు. వాళ్లలో చాలామందివి తల గాయాలు, చాలామంది కొత్తగా చేరినవాళ్లు. ఒసోతో-గారి అనే విసురుతో వెనక్కి పడేస్తే తల వెనకభాగం నేలకు కొట్టుకుంటుంది. విసురు నిజమైనదే, పడేవాడికి పడటం రాదు. 2012 నుంచి అక్కడి మిడిల్ స్కూళ్లలో యుద్ధవిద్య తప్పనిసరి పాఠమైంది, చాలా బడులు జూడోనే ఎంచుకున్నాయి.

ఈ ఒక్క విషయంలో నా దగ్గర తలకిందుల సలహా లేదు. గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో చాపను చరిచి పడటం ఒంటికి పట్టేదాకా ఏ పిల్లవాణ్ణీ విసరకండి, విసరనివ్వకండి. నెలలు పట్టనివ్వండి. పిల్లలు విసుక్కుంటారు, పోటీలు దగ్గర పడుతున్నాయని తల్లిదండ్రులు తొందరపెడతారు. వాళ్లను చాప మీదికి పిలిచి, తల నేలకు తగలకుండా మీ అబ్బాయి పడగలడేమో మీరే చూడండని చూపించండి.