కందికి యాప్ పెట్టేవారికి నికార్సైన సలహాలు

కోట్‌పల్లి, తాండూరు కంది రైతుల కోసం యాప్ పెడుతున్నారా? శుభం. ముందు ఐదేళ్ల ప్లాన్ గీసి లామినేట్ చేయించండి. దాని మీద పెన్ను పడదు, మార్పులు చేద్దామన్నా కుదరదు.

లెక్కలు 2015 అక్టోబరు ధరతో మొదలుపెట్టండి. కందిపప్పు కిలో 200 రూపాయల దాకా ఎగబాకిన రోజులవి. ఎక్సెల్‌లో ఆ గడి మూల పట్టుకుని కుడివైపుకు లాగితే 2030 దాకా లాభాలే లాభాలు. ఆ రేటు చూసి దేశమంతా కంది వేసిందనీ, 2016–17లో పంట ఇబ్బడిముబ్బడిగా వచ్చి మార్కెట్ రేటు క్వింటాలుకు 5,050 మద్దతు ధర కిందికి జారిందనీ ఎవరైనా నసిగితే, అతన్ని మళ్లీ మీటింగుకు పిలవకండి.

ఫీల్డ్ విజిట్ తప్పనిసరి. టీమంతా కోట్‌పల్లి ప్రాజెక్టుకు వెళ్లి, కయాకింగ్ చేసి, ఫొటోలు దిగి రండి. రైతులను మాత్రం కదిలించకండి. కదిలిస్తే "పూత మీదుండంగ మొగులైతే ఏం జెయ్యాలె సారూ?" అంటారు. జవాబు వెతకబోతే మారుకా పురుగు దగ్గర తేలతారు. మబ్బు పట్టిన రోజుల్లో అది విజృంభిస్తుంది. పూతనూ ఆకునూ కలిపి గూడు కట్టి లోపలే తింటుంది, గూట్లో దూరాక దానికి మందు సరిగా అందదు. అంటే హెచ్చరిక గూడు కట్టకముందే వెళ్లాలి. ఎవరికండీ అంత ఓపిక? యాప్‌లో మబ్బు బొమ్మ పెట్టి ఊరుకోండి.

కంది జూన్, జూలైలో విత్తితే చేతికొచ్చేది డిసెంబరు, జనవరిలో. ఏడాదికి ఒక్కటే పరీక్ష. నాలుగు చేలల్లో చూద్దామని కూర్చుంటే ఏడాది పోతుంది కాబట్టి జిల్లా అంతటా ఒకేసారి దిగండి. తప్పు కూడా జిల్లా అంతటికీ ఒకేసారి తెలుస్తుంది. 2016లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండలో వేరుశనగ ఎప్పుడు విత్తాలో చెప్పే ప్రయోగం చేశాయి. ఎంతమందితో? 175 మంది రైతులతో, అదీ ఉత్త ఎస్సెమ్మెస్‌లతో! అంత పెద్ద కంపెనీకి ఇంత పిరికితనమా?

రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామా కథ పిల్లలకు చెప్పకండి, చెడిపోతారు. బస్సుల వాళ్లకు సాఫ్ట్‌వేర్ అమ్మబోయి, వాళ్లు వద్దంటే ఆయన 2006లో టికెట్లు అమ్మడానికి దిగిపోయారు. పట్టుదల ఉన్నవాడు చేసే పనేనా అది? 2013లో కంపెనీ మంచి ధరకే అమ్ముడుపోయిందంటారు, అది వేరే సంగతి.

చివరగా పెట్టుబడి. మాదాపూర్ ఆఫీసుకూ హోర్డింగులకూ విత్తనాల సీజన్లోనే మొత్తం ఊడ్చేయండి. పూత నాటికి చేతిలో డబ్బు మిగిలిందా, ప్లాన్ మార్చాలనే బుద్ధి పుడుతుంది.