ఆదివారం రౌతు

వారమంతా మాదాపూర్‌లో తలొంచుకుని పనిచేసుకునే ఉద్యోగి, ఆదివారం తెల్లారేసరికి కాకతీయ సేనాని అయిపోతాడు. మోకాళ్లకు, మోచేతులకు గార్డులు, పిక్కల దాకా బూట్లు, హెల్మెట్ మీద కెమెరా. ఇవన్నీ బిగించుకునేలోపు పాలవాడు వీధంతా తిరిగి వెళ్లిపోతాడు. గమ్యం ఎప్పుడూ ఒకటే: రామప్ప. రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే.

ఘట్‌కేసర్‌లో ఇడ్లీ, బీబీనగర్‌లో చాయ్. చాయ్‌కి ముందు బండికొక ఫొటో, చాయ్ వచ్చాక రెంటికీ కలిపి ఇంకోటి. భువనగిరి కోట కనబడగానే పూనకం వస్తుంది. ఏకశిల కొండ, చాళుక్య ఆరో విక్రమాదిత్యుడు అంటూ వెంట వచ్చినవాళ్లకు క్లాసు పీకుతాడు. "సరే, ఎక్కుదాం పదన్నా" అంటే బూట్ల వంక చూపిస్తాడు. కోట బండి అద్దంలో పడుతుంది, ఆయన రోడ్డు మీదే ఉంటాడు.

ఆలేరులో మేకలు తోలుకెళ్తున్న ముసలాయన బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేస్తాడు.

"మైలేజీ ఎంతిస్తది సారూ?"

"ముప్పై ఐదు."

"గింత బండికి గంతేనా! మా పోరని ఎక్సెల్ నయం."

ఆ దెబ్బకు ఆయన కొలనుపాక వైపు బండి తిప్పేస్తాడు. అక్కడి జైన మందిరంలో పచ్చరాతి మహావీరుణ్ణి చూడాలంటే బూట్లు విప్పాలి. బూట్లు విప్పాలంటే గార్డులు తియ్యాలి, గార్డుల పట్టీలు ఊడాలంటే ముందు గ్లౌజులు తియ్యాలి. వీటన్నిటి బదులు గేటు బయట నుంచే, హెల్మెట్‌తో ఓ దణ్ణం.

ఇత్తడి నగిషీలకు పేరుపడ్డ పెంబర్తి చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. ఫోన్ మోగుతుంది. ఇంటికి చుట్టాలొస్తున్నారట, వచ్చేటప్పుడు కొత్తిమీర తేవాలట. సేనాని వెనుదిరుగుతాడు.

సోమవారం క్యాంటీన్‌లో రామప్ప గురించి వినాలంటే ఆయన నోటే వినాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించడం, ఇసుక నింపిన పునాది, నీళ్లలో తేలే ఇటుకలు, 2021లో యునెస్కో గుర్తింపు, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. విన్నవాడు నోరు తెరిచి, "ఇంతకీ మీరెప్పుడు చూశారు సార్?" అంటాడు.

"వచ్చే ఆదివారం."

ఎనిమిది వందల ఏళ్లు ఆగిన గుడి, ఇంకో వారం ఆగదా అని ఆయన ధీమా.