అరువు కరకర

మా ఇంట్లో ఆర్నెల్లకోసారి నూనెకి గండం వస్తుంది, రక్తపరీక్ష రిపోర్టు చేతికొచ్చిన రోజున. ఎల్‌డీఎల్ అనే మూడక్షరాల పక్కన పైకి చూసే చిన్న బాణం గుర్తు ఉంటుందే, అది ఒకోసారి మావారి కాగితంలో ఉంటుంది, ఒకోసారి మావయ్యగారి కాగితంలో ఉంటుంది. ఎవరి కాగితంలో ఉన్నా తగిలేది మాత్రం బాణలికే. ఆ రాత్రికి బాణలి అటకెక్కుతుంది. మళ్లీ ఏ పండగొస్తేనో, ఏ చుట్టమొస్తేనో, ఏ వాన పడితేనో దిగుతుంది. హైదరాబాదులో వానలకేం కరువు లేదు గనక త్వరగానే దిగుతుంది.

ఈసారి బాణం ఇద్దరి కాగితాల్లోనూ కనిపించింది. దాంతో బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు ఎవరినీ అడక్కుండా ఎయిర్ ఫ్రయర్ ఒకటి కొని పంపేసింది. పంపి ఊరుకోకుండా వీడియో కాల్ చేసి, "వదినా, ఇక నూనె మాటే ఎత్తక్కర్లేదు. నాన్నకి ఏం కావాలంటే అది వేయించి పెట్టు" అంది.

అత్తయ్య ఆ నల్లపెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "నూనె లేకుండా వేగడమేమిటమ్మాయ్? ఎండుతుందను, ఒప్పుకుంటాను" అన్నారు.

అత్తయ్య తెనాలిలో ఎనిమిదో తరగతితో చదువు మానేశారు. అయినా ఆ ఒక్క ముక్కలో ఉన్నంత భౌతికశాస్త్రం, పెట్టెతోపాటు వచ్చిన రంగుల పుస్తకం మొత్తం గాలించినా దొరకలేదు. మూత తెరిచి తలకిందులుగా చూస్తే సంగతి తెలిసిపోతుంది. పైన ఎర్రగా కాలే తీగచుట్ట, దాని వెనక ఒక ఫ్యాను, కింద చిల్లుల బుట్ట. పొట్టి ఓవెన్‌కి గట్టి గాలి తోడైంది, అంతే. ఫ్రెడ్ వాన్ డెర్ వేయ్ అనే డచ్చి ఆయన దీన్ని తయారుచేస్తే, 2010లో ఫిలిప్స్ వారు బెర్లిన్ ప్రదర్శనలో పెట్టి లోకానికి చూపించారు. పాపం ఆయన బెంగల్లా బంగాళదుంప ఫ్రైస్ గురించే. ఆయనకి మిరపకాయ బజ్జీతో పరిచయం ఉన్నట్టు ఎక్కడా దాఖలాల్లేవు.

ఆ ఫ్రైస్ కథ కూడా కాస్త తరచి చూడాల్సిందే. ఫ్రీజర్లో అమ్మే పాకెట్టు తెచ్చి బుట్టలో పోస్తే, చుక్క నూనె వెయ్యకుండానే కరకరలాడుతూ వస్తాయి. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను పాకెట్టు వెనక్కి తిప్పి చదివాను. అందులో బంగాళదుంప తర్వాత రెండో పేరు నూనెదే. అమ్మకానికి వచ్చే ముందు ఫ్యాక్టరీలోనే వాటిని ఒకసారి నూనెలో ముంచి లేపుతారు. అంటే మన వంటింట్లో ఈ పెట్టె చేసేదల్లా, ఎప్పుడో వేగినవాటికి ఆ సంగతి మళ్లీ గుర్తుచెయ్యడం.

ఈ మాట చెబితే మావయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. ఆయన ట్రెజరీలో చేసి రిటైరయ్యారు. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలకపోతే ఆయనకి నిద్రపట్టదు. "అయితే ఆ కరకర మనది కాదన్నమాట. అరువు" అన్నారు.

అప్పట్నించి ఎయిర్ ఫ్రయర్లో ఏది పెట్టినా నాకు అదొక్కటే ప్రశ్న. ఈ కరకర ఎవరి దగ్గర అరువు తేవాలి?

ఎదురు ఫ్లాట్ పిన్నిగారు ఈ ప్రశ్న వేసుకోలేదు. శనగపిండి జారుగా కలిపి, అరటికాయ ముక్కలు ముంచి, నేరుగా చిల్లుల బుట్టలో పేర్చారు. పావుగంట తర్వాత తెరిస్తే పైన అరటికాయ ముక్కలు కట్టుబట్టల్లేకుండా ఉన్నాయి. పిండంతా చిల్లుల్లోంచి కారి అడుగున దిబ్బరొట్టెగా తేలింది. బాబాయిగారు గొడవలు పడని మనిషి. "రెండూ కలిపి నమిలితే బజ్జీయే కదా" అని తినేశారట.

పిన్నిగారి పిండిలో లోపమేమీ లేదు. ఆవిడ బజ్జీలకి మా బ్లాకంతా సాక్ష్యం. బాణల్లో ఆ పిండి నూనెని తాకీ తాకగానే నాలుగువైపులా ఒక్కసారే బిగుసుకుంటుంది. కారిపోయే వ్యవధే ఉండదు. గాలికి అంత చొరవ లేదు. 200 డిగ్రీల ఓవెన్లో దేనికీ తగలకుండా చెయ్యి పెట్టి తీసెయ్యొచ్చు, ఏమీ కాదు. అదే వేడిలో ఉన్న నూనె చుక్క ఒకటి ముంజేతి మీద చిందితే మచ్చ ఏడాది ఉంటుంది. వేడి ఒకటే అయినా అందించడంలో నూనెకీ గాలికీ అంత తేడా. గాలి వచ్చి బిగించేలోపు జారుపిండి తన దారి తాను చూసుకుంటుంది.

అందుకే బ్రెడ్ పొడి. కారే గుణం లేనిది, ముందే పొడిగా ఉన్నది, పైగా ఒకసారి కాలి వచ్చినది. రొట్టె బేకరీ ఓవెన్లో ఎర్రబడుతుంది చూడండి, పిండిలోని ప్రొటీన్లూ చక్కెరలూ వేడికి కలిసి ఆ రంగూ కమ్మటి వాసనా పుట్టిస్తాయని 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి ఆయన రాసిపెట్టాడు. బజ్జీ మీది బంగారు రంగూ ఆ బాపతే. కాకపోతే బజ్జీ దాన్ని మన కళ్లముందు సొంతంగా సంపాదించుకుంటుంది. బ్రెడ్ పొడి మాత్రం బేకరీవాడి దగ్గర సంపాదించినదాన్ని మోసుకొస్తుంది. మన గాలిపెట్టెకి మిగిలేది ఆ పొడిని మళ్లీ వేడిచేసి, లోపలి కూరముక్కని మెత్తబరచడం. ఆ మాత్రం పని గాలి చేయగలదు.

సూపర్ మార్కెట్లో జపాను వారి పాంకో అని ఒక పొడి దొరుకుతుంది. వాళ్లు ఆ రొట్టెని మంటతో కాకుండా, పిండిలోంచి కరెంటు పంపించి ఉడికిస్తారు. అందుకే దానికి ఎర్రటి అట్ట కట్టదు, రజను తెల్లగా, పెళుసుగా, పెద్దపెద్ద పలుకులుగా ఉంటుంది. బాగుంటుంది. ధర చూశాక నేను సందుచివరి బేకరీకే వెళ్లాను. వాడు రస్కులు తూకంలో అమ్ముతాడు. రైలు కట్‌లెట్ ఒంటిమీదున్న గరుకు చొక్కా ఆ రస్కు పొడే. కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు, ఇన్నాళ్లూ కిటికీ పక్క సీట్లో కూర్చుని తిన్నదే.

ఇక ప్లేట్లు. మూడు కావాలి. మొదటి దాంట్లో పొడి మైదా, ముక్క మీద తడి పీల్చడానికి. రెండో దాంట్లో జిగురు. పుస్తకం గుడ్డు కొట్టమంది. మా ఇంట్లో శనివారం గుడ్డు పేరెత్తకూడదు. తక్కిన రోజుల్లో ఎత్తొచ్చు గానీ అత్తయ్య వంటింట్లో ఉన్నప్పుడు ఎత్తకపోవడం మంచిది. కార్న్‌ఫ్లోరూ కాస్త శనగపిండీ పుల్లమజ్జిగలో కలిపితే గుడ్డుకేం తీసిపోదు. ఉప్పూ కారం అల్లం ఇందులోనే. మూడో ప్లేట్లో రస్కు పొడి. నూనె వద్దంటే వద్దని పట్టుబట్టేవాళ్లు ఇక్కడే చెడతారు. పొడిలో రెండు టీస్పూన్ల నూనె వేసి చేత్తో పులమాలి. లేకపోతే పైకి ఎర్రగా కనిపించినా నోట్లో రంపపు పొట్టే. ఆ రెండు చెంచాలూ పావుకిలో ముక్కలకి సరిపోతాయి.

కుడిచేయి తడికి, ఎడమచేయి పొడికి అని పుస్తకంలో బొమ్మ వేసి మరీ చూపించారు. ఫోను ఏ చేతికో చెప్పలేదు. చేతులు రెండూ పిండిలో ఉన్నప్పుడే కొరియరువాడు ఓటీపీ అడుగుతాడు.

కూరగాయలందు ఈ వేషానికి పుట్టినది బెండకాయ. కడిగి, తుడిచి, ఆరిన తర్వాతే నిలువుగా చీరాలి, అది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. జీవితమంతా ఏ జిగట వదిలించడానికి తంటాలు పడ్డామో ఆ జిగటే ఇక్కడ బంక. పొడి అతుక్కుందంటే వదలదు. క్యాలీఫ్లవరు మర్యాదస్థురాలే గానీ, పురుగుల కోసం పసుపునీళ్లలో వేసి తీశాక పూర్తిగా ఆరబెట్టాలి. మడతల్లో నీళ్లు దాచుకుంటుంది. వంకాయ చక్రాలు బాగా వస్తాయి. బాణల్లో ఎంత పోస్తే అంత నూనె తాగే వంకాయని, తాగడానికేమీ లేనిచోట చూస్తుంటే జాలి కూడా వేస్తుంది. కంద ముందు ఉడికించాలి. దొండకాయకి ఎవరి మాటా పట్టదు. బీరకాయ జోలికి మాత్రం పోవద్దు. శనగపిండిలో ముంచి నూనెలో వేస్తే అమృతమే, కానీ అది నూటికి 95 పాళ్లు నీరు. గాలి ఊదుతుంటే లోపల్నించి చెమట పట్టి, చొక్కా తడిసి జారిపోతుంది.

ముక్కల మీద ముందుగా ఉప్పు చల్లినా అంతే. ఏ కూరముక్కయినా ఉప్పు తగలగానే నీరు వదులుతుంది. జిగురులో ఉన్న ఉప్పు చాలకపోతే దించాక చల్లుకోవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. బుట్టలో ముక్కలు ఒకదాని పక్కన ఒకటి ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మధ్యలో సందు కూడా వదలాలట. సిటీబస్సు ఎక్కినవాళ్లకి ఈ నియమం ఒంటబట్టడం కష్టం. కానీ కిక్కిరిస్తే గాలి ఆడదు, ముక్కల్లోంచి వచ్చిన ఆవిరి పోయే దారి లేక అక్కడే తిరుగుతుంది, వేపుడనుకున్నది కుడుమై కూర్చుంటుంది. బాణల్లో బుడగలు వస్తాయే, అవి నూనెవి కావు, ముక్కలోని నీరు ఆవిరై పారిపోతున్న గుర్తులు. అందుకే అత్తయ్య అటు తిరిగి కూర్చుని, చిటపట సద్దుమణగడం విని, "ఇక తీసెయ్యి" అంటారు. కళ్లతో పనిలేదు. ఈ పెట్టె ముందు ఆవిడ చెవి నిరుద్యోగి అయిపోయింది. మొదట్నించి చివరిదాకా ఒకటే హోరు, ఆఖర్న టింగుమని గంట. "లోపలేం జరుగుతోందో చెప్పదేమ్మా?" అంటారు చిన్నబుచ్చుకుని.

180 డిగ్రీల్లో పావుగంట, సగంలో తీసి తిరగెయ్యడం. వాయికి పట్టేది పది పన్నెండు ముక్కలు. మేం ఆరుగురం. మొదటి వాయి పిల్లలు ఎగరేసుకుపోతారు. రెండో వాయి మావారు "ఉప్పు చూస్తాను" అని చూసేస్తారు. మూడోది దిగేసరికి పిల్లలకి మళ్లీ ఆకలేస్తుంది. అందరం కలిసి తిందాం అని ఆపితే మొదటి వాయి మెత్తబడుతుంది. అరువు సరుకు కదా, ఎక్కువసేపు నిలవదు. ఈ చాకిరీలో నేను నిలబడే తింటాను. అలా కోల్పోయిన కూర్చునే సుఖానికి ఎన్ని క్యాలరీలు తగ్గాయో రిపోర్టులో వేరే గడి ఉంటే బాగుండును.

అత్తయ్య మాత్రం ఓ రోజు మెల్లగా రంగంలోకి దిగారు. రస్కు పొడి రుచి చూసి, తీపి తగిలిందని మొహం పెట్టి, డబ్బాలో మరమరాలు తీసి రోట్లో నాలుగు పోట్లు వేశారు. జీలకర్ర, ఎండుకారం, రెండు వెల్లుల్లి రెబ్బలు చేర్చారు. బెండకాయలకి అది పట్టించి పెడితే, మా ఆడపడుచు పంపిన పుస్తకంలో ఏ పేజీలోనూ లేనంత కరకర వచ్చింది. ఎందుకు రాదు? మరమరాలు బట్టీలో కాలే ఇసుకలో పొంగి వచ్చినవి. బేకరీవాడి కంటే బట్టీవాడి దగ్గర అరువు మేలని తేలింది. బొంబాయి రవ్వ వేస్తే ఇలా రాదు. అది పచ్చిది, ఎక్కడా కాలిన చరిత్ర లేదు, గాలిలో ఎండి పంటికింద ఇసుకై తగులుతుంది.

మావయ్యగారు ఆ బెండకాయలు తిన్నారు. బాగున్నాయన్నారు. నాలుగు మళ్లీ వేయించుకున్నారు. తర్వాత చెయ్యి కడుక్కుని, డైరీ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నారు. నూనె పాకెట్టు ఎప్పుడు కత్తిరిస్తే ఆ తేదీ ఆయన డైరీలో పడుతుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"అమ్మాయ్, 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రిగారు మన్ కీ బాత్‌లో ఏమన్నారు? వంటనూనె 10 శాతం తగ్గించమన్నారు. అవునా?"

"అవును మావయ్యగారూ."

"మనం సగానికి సగం తగ్గించాం. అంటే కేంద్రం అడిగినదానికంటే 40 శాతం అదనంగా పొదుపు చేశాం. ఇవాళ తేదీ ఎంత?"

"మార్చి 29."

"31 దాటితే ఖర్చుపెట్టని నిధులు మురిగిపోతాయి. నా సర్వీసులో ఎన్నడూ మురగనివ్వలేదు."

పక్కగదిలో రోకలి చప్పుడు ఆగింది. అత్తయ్య వింటున్నారు. మావారు పేపరు కాస్త పైకెత్తారు. డైరీలో ఓ కాగితం మడతపెట్టి ఉంది. విప్పితే గీతలు కొట్టిన వోచరు. లావు మిరపకాయలు పన్నెండు, వాము కూరి. అరటికాయ చక్రాలు ఆరు. శనగపిండి తగినంత. మార్గం: బాణలి. కింద మంజూరు అధికారి అని రాసి నా సంతకానికి చోటు వదిలారు.

"డాక్టరుగారు అడిగితే?" అన్నాను.

"ఆడిట్ వచ్చేది ఆర్నెల్లకి" అన్నారు.

నేను పెన్ను తీసుకుని, అరటికాయ చక్రాల దగ్గర ఆరు కొట్టేసి పది వేసి, సంతకం పెట్టాను.